టీకా సరే, రక్తపరీక్ష ఎక్కడ?



గాలికుంటు వస్తే కంటికి కనబడుతుంది. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, కారే చొంగ చూసి ఊరంతా మేలుకుంటాం. బ్రూసెల్లోసిస్ అలా కనబడదు. చూడి గేదె ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతుంది. దిష్టి తగిలిందంటాం, మరో గేదె పొడిచిందంటాం. మరుసటి ఈతకు అదే గేదె నిండు నెలలకు ఈనితే రోగం పోయిందనుకుంటాం. పోలేదు! చాలా పశువులు ఒక్కసారే ఈసుకుపోతాయి. ఆ తర్వాత కూడా ఈనినప్పుడు మాయలో, ఉమ్మనీటిలో, ఆపైన పాలలో క్రిమి బయటికి వస్తూ ఉంటుంది. నిక్షేపంలా కనబడే పశువే కొట్టమంతటికీ అంటిస్తుంది. ఆ గుట్టు విప్పేది పరీక్ష ఒక్కటే.

ఇది పశువుతో ఆగే రోగం కూడా కాదు. మాయ తీసేదెవరు? చచ్చిన దూడను ఎత్తి పారేసేదెవరు? మన ఇంటి ఆడవాళ్లు, మన పాలేర్లు, అదీ ఉత్త చేతులతో. వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు పట్టుకుంటే టైఫాయిడ్ అని మందులు మింగిస్తారు. బ్రూసెల్లోసిస్‌కు సరైన మందులు వారాల తరబడి వాడాలి. ఇంట్లో పశువు ఈసుకుపోయిందని డాక్టరుకు చెప్పకపోతే ఆ పరీక్ష రాసేదెవరు?

కేంద్ర ప్రభుత్వం 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల నివారణకు రూ.13,343 కోట్ల పథకాన్ని ఆమోదించింది. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఒకసారి టీకా వేయాలన్నారు. మంచిదే, తప్పక వేయించాలి. కానీ ఆ టీకా రేపటి పాడి కోసం. ఈరోజు కొట్టంలో క్రిమిని మోస్తున్న పశువు సంగతేమిటి? పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క రంగు మందు కలిపితే నాలుగు నిమిషాల్లో ఫలితం చెప్పే రోజ్ బెంగాల్ పరీక్ష ఉంది. ఆవుపాలను కేంద్రంలోనే చూసే రింగ్ పరీక్ష ఉంది. వెన్న శాతం రోజూ కొలిచి ధర కోసేవాళ్లకు ఈ పరీక్ష మాత్రం బరువైందా?

రైతులు దాస్తున్నారని అధికారులు అంటారు. ఎందుకు దాస్తారు? రోగం ఉందని తేలితే గేదె విలువ పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపితే పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. పాడి రైతుకూ అలాంటి భరోసా చేతికందితేనే పరీక్షకు పశువును కట్టేస్తాడు.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

ఈసుకుపోయిన ప్రతి పశువుకూ మండల పశువైద్యశాలలో ఉచితంగా రక్తపరీక్ష చేయాలి.

రోగం నిర్ధారణ అయిన పశువుకు మార్కెట్ ధర ప్రకారం పరిహారం ఇవ్వాలి.

ఆ ఇంటి మనుషులకు ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, వైద్యం ఉచితంగా అందాలి.

మన వంతు కూడా ఉంది. ఈసుకుపోయిన గేదెను సంతకు తోలితే ఆ రోగాన్ని కొనేది మరో పేద రైతే. తోలొద్దు. విడిగా కట్టండి. మాయను, చచ్చిన దూడను గ్లౌజులు తొడిగే ఎత్తి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. పాలు కాచి తాగండి. 2009 నాటి చట్టం ప్రకారం ఇలాంటి రోగం అనుమానం వస్తే పంచాయతీకి తెలియజేయాలి. రాతపూర్వకంగానే తెలియజేయండి. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో తీర్మానాలు చేసి, ఈసుకుపోయిన పశువుల లెక్కతో సహా పశువైద్యాధికారికి అర్జీలివ్వండి. లెక్క మన చేతిలో ఉంటే, రోగం లేదని ఎవరూ కొట్టిపారేయలేరు.