చీటీలు విప్పాక భాష్యాలా?

డిప్లమసీ ఆటలో నన్ను వెన్నుపోటు పొడిచినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ ఆట ఉన్నదే అందుకు. నా కోపమంతా చీటీలు విప్పాక తీరిగ్గా రూల్ పుస్తకం తెరిచే పెద్దమనిషి మీద.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఆలన్ కాల్‌హామర్ అనే అమెరికన్ 1954లో రూపొందించి, 1959లో సొంత డబ్బుతో 500 పెట్టెలు వేయించి అమ్మిన ఆట ఇది. 1901 నాటి ఐరోపా పటం, ఏడు రాజ్యాలు. పాచికలు లేవు. అందరూ తమ ఎత్తులు చీటీల మీద రాసి ఒకేసారి విప్పుతారు. ఒక్కో దళానిది ఒక బలం, ఇంకో దళం మద్దతిస్తే రెండు. సమానమైతే ఎవరూ కదలరు. మద్దతిచ్చేవాడి మీద ఇంకోవైపు నుంచి దాడి జరిగితే ఆ మద్దతు తెగిపోతుంది.

ఇప్పుడు పెన్సిల్ పట్టండి. ఇంగ్లిష్ ఛానెల్‌లోని ఫ్రెంచ్ నౌక, బ్రెస్ట్‌లోని తన సైన్యాన్ని లండన్ మీదికి దాటిస్తోంది; దీన్నే కాన్వాయ్ అంటారు. లండన్‌లోని ఇంగ్లండ్ నౌక, వేల్స్ నుంచి ఛానెల్ మీదికొచ్చే తన తోటి నౌకకు మద్దతిస్తోంది. బెల్జియం నుంచి జర్మన్ నౌక కూడా నార్త్ సీలోని తన తోటి నౌక మద్దతుతో అదే ఛానెల్ మీదికి వస్తోంది. సైన్యం లండన్ మీద పడిందనుకోండి. లండన్ మద్దతు తెగింది, వేల్స్ బలం ఒకటికి దిగింది, జర్మనీ రెండు బలంతో ఫ్రెంచ్ నౌకను తరిమేసింది. నౌకే పోతే సైన్యం దాటిందెలా? సరే, దాటలేదనుకోండి. లండన్ మద్దతు నిలిచింది, రెండుకు రెండు, ఇద్దరూ ఆగిపోయారు, ఫ్రెంచ్ నౌక భద్రం. మరి సైన్యం దాటకేం? దాటితే దాటదు, దాటకపోతే దాటుతుంది! దీనికి పాండిన్ పారడాక్స్ అని పేరు కూడా ఉంది.

ఇక్కడే మన పెద్దమనిషి గొంతు సవరించుకుని “కామన్ సెన్స్ వాడదాం” అంటాడు. ఎవరి కామన్ సెన్స్ అయ్యా? ఫ్రాన్స్ ఆడిన రోజు దాటలేదన్నావు. నెల తిరక్కుండా జర్మనీ ఆడుతూ దాటిందన్నావు. నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

దీనికి మందు లేక కాదు. చిక్కులో పడ్డ సైన్యాన్ని ఉన్నచోటే ఆపేసి, దాని దాడిని లెక్కలోంచి తీసేయమంటుంది స్జిక్‌మన్ రూల్. అదే ఏకైక సత్యమని నేననను. ముందే ఒప్పుకుంటే చాలు, అది చట్టం. బోర్డు చూశాక ఒప్పుకుంటే లంచం.

అసలు ఆటే దారి చూపించింది. స్పెయిన్‌కు రెండు తీరాలు. మిడ్ అట్లాంటిక్ నుంచి నౌకను పంపుతూ చీటీలో ఉత్తి “స్పెయిన్” అని రాస్తే అది కదలదు. “నా ఉద్దేశం దక్షిణ తీరం” అని తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. రాసేవాడికి ఇంత కఠినంగా ఉన్న ఆటలో చదివేవాడికి అంత వెసులుబాటెందుకు?

మా ఊరి అరుగు మీద పులిజూదం ఆడే ముసలాళ్లకు ఏ రూల్ పుస్తకమూ లేదు. పదిహేను మేకలూ పెట్టాకే జరపాలా, ముందే జరపొచ్చా అన్నది సుద్దతో గీతలు గీసేటప్పుడే తేల్చుకునేవాళ్లు.

మా ఇంట్లో ఇప్పుడు బోర్డు పక్కన గోడకు ఒక కాగితం అంటించాను. కాన్వాయ్ చిక్కొస్తే ఏం చేయాలో అందులో ఉంది. ఆదివారం ఆడటానికి వచ్చేవాళ్లు, ముందు దాని కింద సంతకం పెట్టి కూర్చోండి.