తాతగారి కత్తికి తళుకెందుకు?
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్లు నడుముకు కట్టుకున్న కా-బార్ కత్తి ఇప్పుడు మనవళ్ల చేతికొస్తోంది. మెరైన్ దళం 1942లో తీసుకున్న ఆ ఏడంగుళాల ఉక్కు అలుగుకు తుప్పుకన్నా పెద్ద శత్రువు మనవడి ఉత్సాహమే. గరుకు కాగితం పట్టి రుద్దాడా, అలుగు మీది ముద్రా, నల్లటి పూతా రెండూ పోతాయి, మళ్లీ రావు. ఎర్ర తుప్పుంటే చుక్క నూనె వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలదూ? ఒర సంగతి ఇంకా సున్నితం. తోలు చెమ్మ పీలుస్తుంది, శుద్ధి చేసినప్పటి ఆమ్లాలూ అందులో మిగులుతాయి. కత్తిని దాచాల్సిన ఒరే దాన్ని తుప్పు పట్టిస్తుందన్నమాట! అందుకే రెంటినీ విడివిడిగా ఉంచాలి. కొందరు ఒరకు నూనె దట్టంగా పట్టిస్తారు (అదేమన్నా ఆవకాయ జాడీనా?). తోలు నల్లబడి, మరీ మెత్తబడిపోతుంది. దానికి పొడిగుడ్డ చాలు. పిడి కూడా తోలు బిళ్లల దొంతరే కనుక, నీళ్లు దాని దరిదాపులకు రానివ్వకండి.