ఉప్పెనంటే ఏమిటో మాకు తెలుసు

మూడేళ్ల క్రితం మాట. తెల్లవారుజామున అయిదింటికి గన్నవరం విమానాశ్రయంలో ఒక పెద్దాయన కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. పామర్రు పక్క పల్లెటూరు మనిషి. పక్కన భార్య, ఆమె కాళ్ల దగ్గర నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టె. పెట్టె మూలన నూనె మరక చూస్తే లోపల ఆవకాయ ఉందని తెలుస్తోంది. "బాబూ, బెంగుళూరులో మా అమ్మాయికి ఇవాళ పదింటికి ఆపరేషనండీ, ఎట్టాగైనా పంపించండి" అని బతిమాలుతున్నాడు. లోపలున్న కుర్రాడు "ఫ్లైట్ క్యాన్సిల్ అయింది సార్, ఆపరేషనల్ రీజన్స్ సార్, రీఫండ్ వచ్చేస్తుంది సార్" అని అదే మాట నాలుగోసారి చెప్పాడు. కుర్రాడిని తప్పుపట్టను. వాడి నోటికి అందించిన మాట అదొక్కటే. పెద్దాయన నా వైపు తిరిగి, "ఆ ఇంగ్లీషు మాటకి అర్థమేంటండీ?" అని అడిగాడు.

నాదీ అదే విమానం. రద్దయిందన్న మెసేజ్ ఆ రాత్రి రెండింటికి వచ్చింది, అంటే బయల్దేరడానికి నాలుగు గంటల ముందు. ఆ పూట కౌంటరు దగ్గర డెబ్బై ఎనభై మందిమి ఉన్నాం. పరిహారం అన్న మాట కంపెనీ తరఫున ఒక్కరి నోటి నుంచి కూడా రాలేదు.

పరిహారం ఉంది. పౌరవిమానయాన డైరెక్టరేట్ 2010లో రాసి, 2016లో మొత్తాలు పెంచిన నిబంధన అది. రద్దు సంగతి ఇరవై నాలుగు గంటల ముందు కూడా చెప్పకపోతే, ప్రయాణికుడు ఒప్పుకునే మరో విమానంలో పంపాలి. ఆ విమానం అక్కర్లేదంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కిచ్చి, దానిపైన పరిహారం కట్టాలి. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకి 7,500, ఆ పైన 10,000 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ వాక్యం చివర ఒక మెలిక పెట్టారు: ఈ మొత్తం గానీ, మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అది. జాగ్రత్తపడి రెండు నెలల ముందే చౌకగా టికెట్ కొనుక్కున్న పామర్రు రైతుకి ఆ చౌక టికెట్టే కొలమానం. కూతురి దగ్గరికి వెళ్లడానికి అప్పటికప్పుడు కొనాల్సిన టికెట్ మాత్రం ఆ పూట పలికిన ధరకి. నష్టాన్ని ఒక తక్కెడలో తూచి, చెల్లింపుని ఇంకో తక్కెడలో తూస్తున్నారు. ఇది దొంగ తూకం. కూరగాయల మార్కెట్లో ఇలా తూస్తే తూనికల శాఖవాళ్లు వచ్చి కాటా పట్టుకుపోతారు.

నేను ఆ పరిహారం అడిగాను. మొదటి మెయిల్‌కి జవాబు లేదు. రెండోదానికి "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వచ్చింది. మూడోదానికి వాతావరణం బాగోలేదన్నారు. ఆ తెల్లవారుజామున మేం అద్దాల లోంచి చూస్తుండగానే ఇంకో కంపెనీ విమానం హైదరాబాదుకి లేచింది. ఆ సంగతి, టైముతో సహా, రాసి పంపాను. అప్పుడు వోచరు ఇస్తామన్నారు. వద్దన్నాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నానని రాశాక తొమ్మిదో రోజున 3,150 రూపాయలు పడ్డాయి. ఆ పెద్దాయనకి మాత్రం టికెట్ డబ్బు తప్ప పైసా వచ్చి ఉండదు. అడగాలని ఆయనకి తెలియదు. ఆయనకి కూడా ఆ మెయిళ్లు రాసిపెట్టి ఉండాల్సింది నేను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అసలు ఎందుకు అడగాలి? ఫోన్ నంబరు వాళ్ల దగ్గరుంది. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో వాళ్లకి తెలుసు. ఏ విమానం, ఎందుకు ఆగిందో వాళ్ల రికార్డులోనే ఉంది. మనం టికెట్ రద్దు చేసుకుంటే ఎవరి అర్జీ కోసమూ ఎదురుచూడకుండా ఆ క్షణంలోనే కోత కోస్తారు. తీసుకోవడానికి పనిచేసే కంప్యూటరు ఇవ్వడానికి ఎందుకు పనిచేయదు?

మినహాయింపుల దగ్గర నాకు ఇంకా ఎక్కువ మండుతుంది. ప్రకృతి వైపరీత్యం, వరద, అల్లర్లు, అంతర్యుద్ధం, పేలుడు, ప్రభుత్వ ఉత్తర్వు, సమ్మె... ఇలాంటివి వస్తే పరిహారం అక్కర్లేదని నిబంధన. సరే, న్యాయమే. కానీ ఆ జాబితా చివర "కంపెనీ చేతిలో లేని మరే ఇతర కారణమైనా" అని ఒక తలుపు బార్లా తీసిపెట్టారు. ఎగ్గొట్టేవాళ్లందరూ ఆ తలుపులోంచే పోతున్నారు.

అయ్యా, చేతిలో లేనిది అంటే ఏమిటో కృష్ణా డెల్టాకి చెప్పకండి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన మా చేతిలో లేదు. పది వేల మంది పోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ ఇళ్లల్లోకి వచ్చినప్పుడు, ఆ రాత్రి మంచాల మీద నిలబడ్డ తల్లుల చేతిలో ఏమీ లేదు. ఆ రోజుల్లో విమానం రాలేదని ఇక్కడ ఎవరూ పరిహారం అడగరు. ఉప్పెనని చూసినవాళ్లం కాబట్టే, ఉప్పెన కానిదాన్ని ఉప్పెన అంటే మాకు కడుపు రగిలిపోతుంది.

2025 డిసెంబరులో ఏమైంది? పైలట్లకి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకి పెంచుతూ, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గిస్తూ నిబంధనలు వచ్చాయి. అవి రాత్రికి రాత్రి ఊడిపడలేదు. 2024 జనవరిలోనే ప్రకటించారు. రెండో దశ 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. దాదాపు రెండేళ్ల గడువు! దేశీయ ప్రయాణికుల్లో నూటికి అరవై మందికి పైగా మోసే ఇండిగో ఆ రెండేళ్లలో సరిపడా సిద్ధపడలేదు. డిసెంబరు 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దయ్యాయి, మూడు లక్షల మందికి పైగా చిక్కుకుపోయారు. కార్యకలాపాలను మితిమీరి బిగించి నడపడం, ముందస్తు సన్నద్ధత లేకపోవడం కారణమని విచారణ తర్వాత డైరెక్టరేటే తేల్చింది. 2026 జనవరిలో 22.20 కోట్ల జరిమానా వేసింది. ఆ జరిమానా సర్కారుకి. బ్యాగు మీద తల పెట్టుకుని నేల మీద పడుకున్నవాళ్లకి అందులో రూపాయి లేదు.

డిసెంబరులో ఆ వారం దేశమంతా గోల పెట్టింది కాబట్టి, చివరి ఇరవై నాలుగు గంటల్లో రద్దయిన విమానాలకి నిబంధన ప్రకారం పరిహారం ఇస్తామని కంపెనీ ప్రకటించింది. బాగా ఇబ్బందిపడ్డవాళ్లకి 10,000 రూపాయల వోచర్లు కూడా ఇస్తామంది. ఏడాది లోపు మళ్లీ వాళ్ల విమానమే ఎక్కితే చెల్లే వోచరు అది. ముంచిన పడవలోనే ఇంకోసారి ఎక్కించుకుంటామంటే దాన్ని పరిహారమని నేను ఒప్పుకోను. గన్నవరంలో మామూలు మంగళవారం నాడు ఒక్క విమానం ఆగితే ఆ మాత్రం గోల పెట్టేదెవరు?

యూరప్ విమానాశ్రయాల్లో రద్దయితే టికెట్ ఎంతకి కొన్నావని అడగరు. దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు. 2019లో స్టుట్‌గార్ట్ నుంచి లిస్బన్ వెళ్లాల్సిన విమానం, బయల్దేరే ముందు కో-పైలట్ హఠాత్తుగా చనిపోవడంతో రద్దయింది. అది కూడా అసాధారణ పరిస్థితి కిందికి రాదని, పరిహారం కట్టాల్సిందేనని 2023లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. సిబ్బంది సంగతి చూసుకోవడం కంపెనీ పని అన్నది ఆ తీర్పు సారం. అంత దూరం ఎందుకు, మన ఐఆర్‌సీటీసీ 2019లో తేజస్ రైలు గంట ఆలస్యమైతే 100, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామని మొదలుపెట్టి, కొన్నేళ్లు ఇచ్చింది కూడా. విమానాలకి మన దగ్గర ఆలస్యం మీద పరిహారమే లేదు. ఫలహారం, ఆరు గంటలు దాటితే వేరే విమానమో టికెట్ డబ్బో.

విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి. తుపాను అంటే ఏమిటో ఆ జిల్లాకీ ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన్ని అడుగుతున్నాను: "ఏది తక్కువైతే అది" అన్న మాట కొట్టేయించండి. "మరే ఇతర కారణమైనా" అన్న తలుపు మూయించండి. ప్రయాణికుడు అడగకముందే, డబ్బు వచ్చిన ఖాతాలోకే పరిహారం వెళ్లాలని ఒక్క వాక్యం రాయించండి.

అందాకా మీరు అడగండి. రద్దుకి కారణం రాతపూర్వకంగా తీసుకోండి, మెసేజ్ చెరిపేయకండి. కంపెనీ పలకకపోతే ప్రభుత్వ పోర్టల్ ఎయిర్ సేవాలో ఫిర్యాదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన జిల్లా కమిషన్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బెజవాడ వాళ్లు బెజవాడలో, బందరు వాళ్లు బందరులో. టికెట్ ధరల్లాంటి చిన్న మొత్తాలకి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. విమానం ఆగిన రోజు నుంచి గడువు రెండేళ్లు.