దూరము కూడ నొక పన్నే

సాయంకాలము వంట మొదలిడిన యిల్లాలు డబ్బా తెరచి చూడగా ఉప్పు లేదు. ఎంత దూరము పోయిన ఉప్పు దొరకును? ఇది చిన్న ప్రశ్న. శాసనసభా చర్చలలోను, బడ్జెటు ప్రసంగములలోను దీనికి తావుండదు. అయినను ఒక దేశభాగమున పరిపాలన యెట్లు సాగుచున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద మాకు కానరాదు. ఖమ్మము పట్టణమున నాలుగవ అంతస్తులో నివసించు వృద్ధురాలికిని, చర్ల, దుమ్ముగూడెము అడవులలోని కోయగూడెమున నివసించు తల్లికిని ఈ ప్రశ్న యొక్కటియే. సమాధానములు మాత్రము వేరు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచుట నేటి మా యుద్దేశము.

ఖమ్మము పాత వీథులలో తిరిగినవారికి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. క్రింద అంగడి, పైన ఇల్లు. అంగడివాడు తెల్లవారగనే తలుపులు తీసి, రాత్రి భోజనమునకు మెట్లెక్కి పైకి పోవును. వీథిలోని వారందరి పేర్లు అతడెరుగును. ఎవరింట జ్వరమో, ఎవరి కుమారునకు పని పోయినదో, ఎవరికి నెలాఖరువరకు ఖాతా వ్రాయవలెనో అతనికి తెలియును. పది రూపాయల నూనె పొట్లమును, అయిదు రూపాయల పసుపును గూడ కాదనక యిచ్చును. బడినుండి ముందుగా వచ్చిన పిల్లవానిని తల్లి వచ్చువరకు బల్లమీద కూర్చుండబెట్టుకొనును. అతనికి ఏ పురపాలక సంఘమును జీతమీయలేదు. అయినను ఆ వీథికి కావలివాడతడే.

2012లో ఖమ్మము పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారెను. నాటి ఉమ్మడి రాష్ట్రమునకు క్రొత్త భవన నిర్మాణ నిబంధనలు వెలువడినదియు ఆ సంవత్సరముననే. నాటినుండి పెంకుటిండ్లు పోయి వాటి స్థానమున అపార్టుమెంట్లు లేచుచున్నవి. నిర్మించిన వైశాల్యములో ఇంత భాగము వాహనములకు విడువవలెనని నిబంధన. కావున కట్టడము స్తంభములపై నిలిచి, పూర్వము అంగడి యుండిన నేల కార్లకును మోటారు సైకిళ్లకును దక్కెను. వాహనములకు చోటు వలదని మేమనము. వీథులలో అవి అడ్డముగా నిలిచిన నెట్టి యిక్కట్టు కలుగునో యెరుగనివారము కాము. కాని ఇరువది ముప్పది కుటుంబములు ఒక్క కప్పుక్రింద నివసించుచోట కారునకు శాసనము చోటు చూపినది, ఉప్పునకు చూపలేదు. రోడ్డుమీది పెద్ద దుకాణమునకు పోవుటకు వాహనము వలెను. వాహనము నిలుపుటకు మరల చోటు వలెను. అంగడిని తరిమి, దానికై పరుగెత్తుటకు సాధనములను కూర్చుకొనుట యీ యేర్పాటు.

నివాసపు వీథిలో అంగడి కూడదనువారి వాదము త్రోసివేయదగినది కాదు. సందడి యగును, ఎలుకలు చేరును, చెత్త పెరుగును, సరుకుల బండ్లు దారి నడ్డగించును, నిప్పు ప్రమాదము కలుగును అని వారందురు. ఇవన్నియు నిజములే. అయితే ఇవి అంగడిని క్రమబద్ధము చేయుటకు కారణములే గాని వెళ్లగొట్టుటకు కారణములు గావు. 1926లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము యూక్లిడ్ అను గ్రామమునకు సంబంధించిన వ్యాజ్యములో, నివాస ప్రాంతములను వ్యాపార ప్రాంతములనుండి వేరుపరచు అధికారము స్థానిక సంస్థలకు కలదని తీర్పు చెప్పెను. కర్మాగారముల పొగనుండి యిండ్లను కాపాడుట మంచి యుద్దేశమే. కాని ఆ గీత పొగతో నాగక రొట్టెల దుకాణమువరకు పోయినందున, ఆ దేశమున అనేక శివారు ప్రాంతములలో కారు లేనివారు పాలు కొనలేని స్థితి యేర్పడెను. నేడు అచ్చటి పట్టణములు కొన్ని యా గీతను చెరిపి వ్రాసికొనుచున్నవి. సింగపూరు ప్రభుత్వమో, తాను కట్టించిన బహుళాంతస్తుల గృహసముదాయములలోనే చిల్లర అంగళ్లకు చోటిచ్చెను. ఇతరులు విడుచుచున్న పొరపాటును మనము క్రొత్తగా నేర్చికొన నవసరము లేదు.

చేతి ఫోనులో కోరినచో సరుకు గుమ్మములోనికే వచ్చుచుండగా అంగడి యేల అని కొందరడుగుదురు. వచ్చుట నిజమే. అయితే అది పది రూపాయల నూనెకు రాదు, ఖాతా వ్రాసికొనదు, ఫోను వాడుట తెలియని ముదుసలిని గుర్తించదు, మంచి రోడ్డును గిరాకియు లేనిచోట అడుగే పెట్టదు. ఆ చివరి మాటయే మనలను అడవి యంచునకు తీసికొనిపోవుచున్నది.

ఖమ్మమునుండి నూరు కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసి గోదావరి దాటి భద్రాచలము చేరి, అచ్చటినుండి యుత్తరముగా అడవి దారి పట్టినచో మన ప్రశ్న రూపము మారును. గూడెమున అంగడి యుండకపోవచ్చును. వారమున కొకమారు సంత. సంతకు నడక, వానకాలమున వాగు పొంగిన నదియు లేదు. వేసవిలో ఇప్పపూవు రాలును, చింతపండు చేతికందును, తునికాకు కోతలో నాలుగు రూకలు కన్బడును. చేతిలో డబ్బుండు కాల మది. ఆకలి కాలము వేరు: ఆషాఢ శ్రావణములు. చేలు నాటియుండును, గాదె ఖాళీ యగును. డబ్బు వచ్చు మాసమునకును తిండి కావలసిన మాసమునకును నడుమ నున్న యా యెడమే అరువునకు పుట్టినిల్లు. ఆ యెడములోనికి వర్తకుడు ప్రవేశించును.

పూర్వము అతడు ప్రవేశించిన తీరు మనకు తెలియనిది కాదు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ తాను తెచ్చిన ధరకు పెట్టి, చింతపండును కరక్కాయను తాను చెప్పిన ధరకు తీసికొనెను. కొలుచునప్పు డొక మానిక, పోయునప్పుడు వేరొక మానిక. లెక్క వ్రాయువాడతడు, వ్రేలిముద్ర వేయువాడు కోయ. గోదావరి తీరపు కొండరెడ్ల నడుమ నివసించి హైమన్‌డార్ఫ్ పండితుడు 1945లో ప్రకటించిన గ్రంథమును చదివినవారికి, కలప వెదురు వర్తకుల ఋణము ఒక జాతి జీవితమును ఎట్లు బంధింపగలదో విశదమగును. ఉప్పు అరువు వడ్డీయయ్యెను, వడ్డీ తాకట్టయ్యెను, తాకట్టుతో భూమి పోయెను. గొలుసు పెద్దదే గాని, దాని మొదటి కడియ మొక ఉప్పు పొట్లము.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియకపోలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ వెలసినది: అటవీ ఫలసాయమును న్యాయమైన ధరకు కొనుటయు, నిత్యావసర వస్తువులను డిపోలలో నమ్ముటయు దాని పని. 1959లో షెడ్యూల్డు ప్రాంతముల భూమి బదలాయింపు నిబంధనయు, 1960లో వడ్డీ వ్యాపారుల నిబంధనయు వచ్చినవి. 1970లో చేసిన సవరణతో ఆ ప్రాంతపు భూమి గిరిజనేతరులకు బదలీ యగుట చెల్లదనిరి. 1979లో అటవీ ఫలసాయపు వర్తకమును సహకార సంస్థకే యొప్పగించిరి. 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టము సంతల నిర్వహణమును, వడ్డీ వ్యాపారముపై అదుపును, చిల్లర అటవీ ఫలసాయముపై స్వామ్యమును గ్రామసభకును పంచాయతీలకును ఒసగవలెనని శాసించెను. అంగడి, అప్పు, భూమి ఒకే గొలుసని యీ చట్టము లన్నియు నొప్పుకొనుచున్నవి.

అయితే చట్టము పుస్తకమున నుండగా డిపో తలుపు మూసియున్న నేమి లాభము? సరుకు లేని డిపో వట్టి గది. నడచి పోలేనంత దూరమున నున్న డిపో పటముమీది చుక్క. న్యాయమైన ధర పెట్టి, ఆషాఢమున అరువు పెట్టని డిపో సగము అంగడియే. మిగిలిన సగమునకై కోయ మరల పాత గుమ్మమే త్రొక్కును. వర్తకుని నిందించుట సులభము. అతడు నెరవేర్చుచున్న యవసరమును తాను నెరవేర్చనంతకాలము ప్రభుత్వము చేయు నిందకు బలము లేదు.

మా వాదము నిచ్చట స్పష్టముగా చెప్పవలసియున్నది. పట్టణమున అంగడి తనంతట తానే పుట్టినది. దానిని నిబంధన తొలగించుచున్నది. అడవిలో వర్తకము తనంతట తానే నడచినది. దాని ఫలితము భూములు పోవుట. కావున పట్టణమున ప్రభుత్వము ప్రక్కకు తొలగవలెను. అడవిలో ప్రభుత్వము ముందునకు రావలెను. ఒకే సూత్రమును రెండుచోట్ల నిలుపువారు రెండుచోట్లను పొరబడుదురు. స్వేచ్ఛా వాణిజ్యమే సర్వరోగ నివారిణి యనువారు కోయగూడెమును చూడలేదు; సర్వమును సర్కారే నడుపవలె ననువారు ఖమ్మము సందులోని చిల్లర కొట్టును చూడలేదు.

ఈ రెండు లోకములును కలిసికొనుచోటు భద్రాచలము. అది యాత్రాస్థలము, అంతస్తులు పెరుగుచున్న పట్టణము, అయినను షెడ్యూల్డు ప్రాంతము. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనుండి పిదప ఖమ్మములో చేరి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చెను. 2014లో పోలవరము నిమిత్తము చుట్టుప్రక్కల గ్రామములు ఆంధ్రప్రదేశమున చేర్పబడగా పట్టణము మాత్రము తెలంగాణమున మిగిలెను. పట్టణపు అంచున ఉప్పు కొనుటకు పోయినవాడు రాష్ట్రమే దాటవచ్చును. క్రింద అంగళ్లు, పైన నివాసములు గల మేడలు అచ్చట వరుసగా కానవచ్చును. ఆ నేలకు చట్టరీత్యా రక్షణ పొందినవారు ఆదివాసులు. ఆ గల్లాపెట్టెల ముందు కూర్చున్నవారిలో ఆదివాసులెందరో పాఠకులే లెక్కింపవలెను. 2025 మార్చిలో ఆ యూర నిర్మాణములోనున్న బహుళాంతస్తుల భవనము కూలి కూలివాండ్రు ప్రాణములు గోల్పోయిరి. అంగడి పై నిల్లు కావలెనని కోరువారు మొదట గట్టి పునాదిని కోరవలెను.

గోదావరి మరియొక పాఠము చెప్పుచున్నది. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు లేచెను; 2022 జూలైలో 71.3 అడుగులు. వరదలో ముందుగా మునుగునది క్రింది అంతస్తు, అనగా అంగడి. బియ్యపు బస్తాలు నీటిలో నానుచుండ, పై అంతస్తులలో జనము పస్తుండుట సంభవించును. దగ్గర అంగడి మేలు నిజమే. అది యెచ్చట నిలువచేయునో దానినిబట్టి యా మేలు నిలుచును.

ఇక చేయవలసినది. పట్టణములలో, లోపలి సందులందు కట్టు ప్రతి పెద్ద అపార్టుమెంటునందును ఒక చిన్న గదిని చిల్లర అంగడికి అనుమతింపవలెను. ఆ గది వైశాల్యమును వాహనముల లెక్కలోనుండి మినహాయింపవలెను. మద్యము, బాణసంచా, గ్యాసు సిలిండర్లు అచ్చట నిషిద్ధములు కావలెను. తూనికలు తనిఖీ కావలెను. రాత్రి మూయు వేళ నిర్ణయింపవలెను. వరద తాకు వీథులలో నిలువ సరుకునకు పై అంతస్తున చోటు కల్పింపవలెను.

అడవి యంచున, పిల్లను చంకనెత్తుకొని తల్లి నడచి పోయి వెలుగుండగనే తిరిగి రాగలిగినంత దూరములో డిపో యుండవలెను. దానిని ఆ గూడెపు మహిళా సంఘమే నడుపవలెను. జ్యేష్ఠమాసము ముగియకముందే వానకాలపు సరుకు చేరవలెను. ఆకలి నెలలకు పరిమితమైన వడ్డీలేని అరువు ఉండవలెను. కాని ఫలసాయము కొనుగోలు లెక్కయు, సరుకుల యరువు లెక్కయు వేరువేరు పుస్తకములలో నుండవలెను. ఒకదానిలో నొకటి కలిసిననాడు పాత వర్తకుడే క్రొత్త బోర్డు క్రింద కూర్చున్నట్లు. ఆ పుస్తకములను గ్రామసభలో కోయభాషలో చదివి వినిపింపవలెను. ఇందుకు క్రొత్త చట్టమక్కరలేదు. ఉన్న చట్టమునకు కాళ్లు రావలెను.

1930లో ఉప్పుపై పన్ను నెదిరించి జనులు సముద్రతీరమునకు నడచిరి. ఉప్పు లేక యే బీదవాడును బ్రదుకజాలడు గనుక దానిపై పన్ను అన్యాయమని నాటి వాదము. ఆ వాదము నేటికిని పాతబడలేదు. ఒక కిలో ఉప్పునకై ఒక పూట కూలి పోగొట్టుకొను తల్లి చెల్లించుచున్నది ధర మాత్రమే కాదు. ఆటో కట్టించుకొని రోడ్డుమీది దుకాణమునకు పోవు వృద్ధురాలు చెల్లించుచున్నదియు ధర మాత్రమే కాదు. దూరము కూడ నొక పన్నే. ఏ శాసనసభయు విధింపనిది. ఏ రసీదును లేనిది. బీదవానివద్దనే హెచ్చుగా వసూలగునది. దానిని రద్దుచేయు నధికారము మన చేతిలోనే యున్నది.