ఎడమకాలి పాఠము

పరీక్షలు సమీపించినపుడెల్ల తలిదండ్రులలో కొందఱు మాయొద్దకు వచ్చి, "అయ్యా, మావానిని బంతియాటకు పోనీయకుడు, చదువు చెడుచున్నది" అని చెప్పుకొందురు. వారి భయము నిష్కారణము కాదు. చీకటి పడువఱకు మైదానమున నలసిన బాలుడు పుస్తకము ముందు కూర్చుండి కునుకుట మేమెఱుగనిది కాదు. అయినను చదువును చెఱచునది యాటయా, హద్దులేని యాటయా యని విచారింపవలసియున్నది.

మన చిత్తూరు జిల్లా యేర్పడిన 1911వ సంవత్సరముననే కలకత్తాలో మోహన్ బగాన్ జట్టువారు ఐ.ఎఫ్.ఏ. షీల్డు పందెములలో నాడిరి. మొదట సెయింట్ జేవియర్ కళాశాల జట్టును 3 గోలులతో నోడించిరి. తుదకు జూలై 29వ తేదీన ఈస్టు యార్క్‌షైరు సైనికులను 2–1 గోలులతో గెలిచిరి. ఆ 11 మందిలో 10 మంది వట్టికాళ్లతో నాడినవారే. బూట్లు తొడిగిన యొక్కడు సుధీర్ చటర్జీ. ఆయన లండన్ మిషన్ కళాశాలలో నుపాధ్యాయుడు. పాఠము చెప్పు నోరును, బంతిని తన్ను కాలును ఒక్కనివే యయ్యును, రెంటికిని విరోధము లేకపోయెను.

ఇంతకంటె దగ్గఱి నిదర్శనము హైదరాబాదున గలదు. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులోను, పిదప సిటీ కళాశాల విద్యార్థులును పూర్వవిద్యార్థులును కూడిన జట్టులోను ఆడిరి. చదువు ముగిసిన పిమ్మట బడిపంతులైరి. వ్యాయామశిక్షణలో డిప్లొమా పొందిరి. ఆ బడిపంతులు గారి శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము నందెను. జకార్తా విజయమునకు మఱుసటి యేడు, 1963 జూన్ నెలలో, ఆయన మరణించిరి.

ఆయన పద్ధతులలో నొకటి మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. కుడికాలు బలముగలవాడు ఆ కాలితో బంతిని తన్నరాదు. బలములేని కాలితోనే తన్నవలెను. ఇట్టి నియమముతో ఆయన పందెములు నడిపిరి. బలమైనదానిని మెచ్చుకొనుటకు లోకములో బహుమానములు చాలగలవు. బలహీనమైనదానికి పని యిచ్చువాడే గురువు.

ఇది వ్రాయుచు మేము మా వంక చూచుకొనక తప్పదు. మనవంటి పాఠశాలలలో ఆటగంట మ్రోగగానే జరుగునదేమి? ఏటేట నేర్పరులగు 11 మంది మైదానమున దిగుదురు. తక్కినవారు వేపచెట్టు క్రింద నిలిచి చప్పట్లు చఱతురు. బాల్యమున మేమును ఆ చెట్టునీడ నిలిచినవారమే. గీత దాటి వచ్చిన బంతిని తెచ్చి యిచ్చుటయే మా యాట. అట్టి మేమే శిక్షణ పొంది యుపాధ్యాయులమై, విజిలు చేతబట్టిన నాడు, గెలుపుమీది యాశతో ఆ నేర్పరులనే పిలిచితిమి. తరగతిలోను ముందుబల్లవారినే ప్రశ్నలడిగితిమి. నిలిచియున్నవాని బాధ తెలిసియు మఱచిన దోషము మాది.

కావున మా మనవి యిది. వారమున నొక సాయంకాలమైనను పాఠశాల జట్టువారు విజిలు పట్టుకొని, ఎన్నడును బంతిని తాకనివారిచే నాడింపవలెను. బాలికలకును ఇందు పాలుండవలెను. గంటసేపు ఆడించి, వెంటనే యిండ్లకు బంపవలెను. ఇట్లు చేసినచో జట్టునకు అభ్యాసము తగ్గి కప్పు చేజాఱునని కొందఱందురు. చేజాఱవచ్చును. కాని బీరువాలోని కప్పునకు మెఱుగు పెట్టుటకు కాదుగదా తలిదండ్రులు తమ బిడ్డలను మాకప్పగించినది.

తలిదండ్రులారా! మీ కుమారుడో కుమార్తెయో మోకాళ్ల దుమ్ముతో నింటికి వచ్చి, "నేడు ఎడమకాలితో బంతిని తన్నితిని" అని చెప్పినచో కోపింపకుడు. కాళ్లు కడిగించి, అన్నము పెట్టి, పుస్తకము చేతికిండు. ఆనాడు ఆ బిడ్డ ఒక పాఠము ముందే చదివి వచ్చినట్లు.