కత్తికి తగిన ఒర

ఒరను కత్తికి అలంకారముగా భావించువారు పెక్కురు గలరు గాని, వాదర మనుష్యుని గాయపఱచకుండను, మనుష్యుని అజాగ్రత్త వాదరను చెఱుపకుండను కాపాడుటయే దాని అసలు పని. ఈ పనిని అనాదిగా తోలును కొయ్యయు నిర్వహించుచుండగా, గత అర్ధశతాబ్దమునుండి అమెరికా దేశపు కత్తుల కర్మాగారములలోను, చిన్న చిన్న కొలుములయొద్దను ప్లాస్టిక్ రేకు వాని స్థానమును చాలవఱకు ఆక్రమించినది. తోలుపై మక్కువగలవారు దీనిని అభిరుచి పతనమని నిరసింతురు. ప్లాస్టిక్ పక్షమువారు యావజ్జీవము చెడని వస్తువని శ్లాఘింతురు. ఆ మన్నిక ఏ పనిలో, ఏ వాతావరణమున, ఎవరి చేతిలో అని ఉభయులలో ఒక్కరును అడుగరు.

ఈ రేకులలో మిక్కిలి ప్రసిద్ధిగన్న కైడెక్స్‌ను 1965లో రోమ్ అండ్ హాస్ అను రసాయన సంస్థ విమానముల లోపలి భాగములకై తయారుచేసినది. అది ఎక్రిలిక్, పీవీసీ అను రెండు ప్లాస్టిక్కుల మేళనము. మొదటిది బిగువును, వేడికి లొంగి కోరిన రూపు దాల్చు గుణమును ఒసగగా, రెండవది దెబ్బకోర్చు శక్తిని, రసాయనములను తట్టుకొను శక్తిని, మంటను త్వరగా అంటనీయని లక్షణమును సమకూర్చినది. తరువాత అది పిస్తోలు ఒరలకును, కత్తుల ఒరలకును దిగివచ్చినది. నేడు టార్చిలైటుకు, గొడ్డలి ముఖమునకు, రక్తస్రావమును ఆపు టూర్నికే పట్టీకి సైతము దానితో తొడుగులు చేయుచున్నారు.

చేయు విధానము చూడముచ్చటయైనది. ఒకటిన్నర మొదలు రెండున్నర మిల్లీమీటర్ల లోపు మందముగల రేకును సుమారు 160–180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని నిమిషములుంచినచో, సెగ చూపిన అరటాకువలె మెత్తబడి మడతకు లొంగును. అంతట దానిని కత్తిచుట్టు అమర్చి, దట్టమైన స్పాంజి పఱచిన రెండు పలకలనడుమ బిగించి చల్లార్చినయెడల, అలుగు వంపును పిడిమొదటి గుబ్బయు దానిపై అచ్చుపడును. కత్తి జాఱిపోకుండ పట్టియుంచునది ఆ అచ్చే. అంచులకు రంధ్రములు తొలిచి రివెట్లు బిగించి, నీరు కాఱిపోవుటకు అడుగున చిన్న సందు విడిచినచో పని ముగిసినట్లే. కుట్టు లేదు కావున వాదర తెంపుటకు దారమును లేదు. పట్టు సడలినచో వేడిగాలి చూపి సరిదిద్దవచ్చును. పూర్తిగా వేడిచేసినచో రేకు తన తొలి చదునును చాలవఱకు తిరిగి పొందును. పనివాని తప్పును ఇంతగా క్షమించు వస్తువులు లోకమున అరుదు.

దీని విలువ తడిలో పనిచేయువారికి తెలియును. తోలు నీటిని పీల్చి మెల్లగా విడుచును. ఉప్పునీటిలో తడిసిన తోలు ఒరలో రాత్రియంతయు నుంచిన ఉక్కు కత్తికి తుప్పు పట్టక మానదు. తంగేడు చెక్కతోను కరక్కాయతోను పదునుచేసిన తోలైనచో ఇత్తడి భాగములకు కిలుమును తోడగును. ప్లాస్టిక్ ఒర చెమటకు కుళ్ళదు, బూజుకు లొంగదు, నీటిలో ముంచి కడిగి విదిలించినచో మరల సిద్ధము.

దోషములు లేకపోలేదు. ఒరలో ఇసుక చేరినచో, కత్తి తీసినప్పుడెల్ల అలుగుపై గీతలు పడును. ఈ నిందలో సగము ఇసుకది, సగము ఒరను కడుగని యజమానిది. కత్తి తీయునప్పుడు ఒర చేయు చప్పుడును వేటగాండ్రు మెచ్చరు. మనకు ముఖ్యమైన దోషము వేఱు: ఈ రేకు 80 డిగ్రీల సమీపమున సడలుట మొదలిడును. రోహిణి కార్తె ఎండలో అద్దములు మూసిన కారులో, ముందు పలకపై విడిచిన ఒర వంకరపోయి కత్తిని వదలివేయుటలో ఆశ్చర్యములేదు. శీతలదేశపు ప్రకటనలో చదివిన మన్నికను రామగుండములో యథాతథముగా నమ్మరాదు.

ఇంకొక సంగతి గలదు. చెడని వస్తువు పాఱవేసిన పిదపయు చెడదు. దీనిని చెత్తకుప్పలో వేసి నిప్పంటించినచో, పీవీసీలోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ అను ఘాటైన ఆమ్లవాయువై వెలువడును. అట్లని తోలు నిర్దోషియని వాదించువారు ఒక్కమాఱు పాలారు నదీతీరమునకు పోయి రావలెను. ఆ తీరపు తోళ్ళ పదును కర్మాగారముల కాలుష్యము సుప్రీంకోర్టువఱకు పోగా, ఆ న్యాయస్థానము 1996లో కఠినమైన తీర్పు నీయవలసివచ్చినది. ప్రకృతిసిద్ధమను పేరు చాటున, తోళ్ళ పదునుకు వాడిన క్రోమియము ఎంత నదిలో కలిసినదో ఆ ఊళ్ళవారికి తెలియును.

కావున ఇంటిలో అరలోనుండు కత్తికి అట్టతొడుగో కొయ్యపట్టో చాలును. వంద సంవత్సరములు నిలుచు ప్లాస్టిక్ దానికేల? సంగ్రహకుల అద్దాల బీరువాకును అది అనవసరమే. పడవపై ఊగుచు వల తాడు కోయువానికి, వానలో చెట్టెక్కువానికి, కత్తిని గుడ్డపీలికలో చుట్టి నడుమున దోపుకొని తొడయో పొట్టయో తెగునని భయపడు కూలికి మాత్రము ఇటువంటి ఒర ఆడంబరము కాదు. పరిశ్రమలలో శిరస్త్రాణమును, చేతితొడుగులను యజమాని ఇచ్చునట్లే, కత్తితో జీవించు పనివానికి ఒరను కూడ రక్షణ సామగ్రిగా లెక్కించి ఈయవలెను. దీనికి పెద్ద కర్మాగారము అక్కఱలేదు. చిన్న ఓవెను, స్పాంజి పలకలు, రివెట్లు బిగించు పనిముట్టు ఉన్నచో, చెప్పులు కుట్టి బ్రతుకు పనివాడే ఆ ఊరి కత్తుల కొలతలు తీసి, తోలు ఒరయు ప్లాస్టిక్ ఒరయు ఒకే అంగడిలో అమ్ముకొనగలడు.