సమీక్షకుని మీద అలిగిన సమాజం

ఒక ఔత్సాహిక నాటక సమాజం రెండు నెలలపాటు రాత్రులు మేల్కొని రిహార్సళ్ళు చేసి, ఒక శనివారం సాయంత్రం టౌన్‌హాలులో నాటకం ఆడుతుంది. మరుసటి వారం పత్రికలో నాలుగు పేరాల సమీక్ష వెలువడుతుంది. ఇతివృత్తం మంచిదే గాని రెండవ అంకం సాగదీసినట్లున్నదనీ, నాయిక మాటలు మూడవ వరుస దాటి వినిపించలేదనీ, ప్రాంప్టరు గొంతు మాత్రం హాలంతటికీ స్పష్టంగా వినిపించిందనీ అందులో ఉంటుంది. ఆనాటి మధ్యాహ్నానికే తుపాను లేస్తుంది. ఈ రాసినవాడు ఎన్నడైనా ముఖానికి రంగు పూసుకున్నాడా అని ఒకరు అడుగుతారు. పొరుగు సమాజంవారు పురికొల్పి రాయించారని మరొకరు కనిపెడతారు. కులం పేరు కూడా ఎక్కడో ఒకచోట వినిపించక మానదు. ఇవన్నీ పాతబడిన బాణాలు. వీటి నడుమ వచ్చే ఒక్క ప్రశ్న మాత్రం తోసిపుచ్చదగినది కాదు: "మేము డబ్బు కోసం ఆడామా?"

వృత్తినాటకంలో టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికీ నటునికీ మధ్య ఒక బేరం ఉన్నది. ఔత్సాహికుని విషయంలో అట్టి బేరం లేదు. బ్యాంకులోనో బడిలోనో పగలంతా పనిచేసి, జీతంలో కొంత తీసి మేకప్పుకూ సెట్టింగుకూ లైట్లకూ ఖర్చుపెట్టి, ఇంట్లోవారి విసుగు భరించి ఆడినవాడు అతడు. ప్రేక్షకులలో సగంమంది బంధువులు, తోటి ఉద్యోగులు, శిష్యులు. శనివారంనాడు దుర్యోధనుడుగా చూచిన తెలుగు మాస్టారే సోమవారంనాడు హాజరుపట్టీ పట్టుకొని తరగతిలోకి వస్తారు. వృత్తినటుని మీద రాసిన మాట అతని వేషానికి తగులుతుంది. ఔత్సాహికుని మీద రాసిన మాట వేషం దాటి మనిషికి తగులుతుంది. ఈ భేదం ఎరుగని సమీక్షకుడు కలం పట్టకపోవడమే మేలు.

అయితే ఈ నొప్పిలోనుంచి పుట్టే వాదం ఒకటి ఉన్నది. ప్రతిఫలం ఆశించక చేసిన పనిని తూకం వేయరాదన్నది ఆ వాదం. వినడానికి న్యాయంగానే ఉంటుంది గాని, ఔత్సాహిక రంగానికి ఇంతకంటె అవమానం మరొకటి లేదు. తెలుగు నాటకరంగాన్ని నిలబెట్టినవారిలో ఎందరో మరొక పని చేసుకొని బ్రతికినవారే. 1880లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు నాటకాన్ని రంగం మీదికి తెచ్చినది విద్యార్థుల చేతనే. పంతులుగారు స్వయంగా ఉపాధ్యాయులు. 1886లో బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు వకీలు. అదే ఊరిలో పెరిగి తెలుగు నటనకే కొత్త మార్గం చూపిన రాఘవ కూడా వకీలే. ఇట్టివారిని చూపి, వీరు జీతానికి ఆడినవారు కారు గనుక వీరి నటనలో తప్పొప్పులు ఎంచవద్దని ఎవరైనా అంటే అది మెప్పు అవుతుందా, జాలి అవుతుందా? ఔత్సాహికుడన్న మాటకు ఉత్సాహం కలవాడనే అర్థం గాని, సగం పని చేసి ఊరుకొనేవాడనే అర్థం లేదు.

గురజాడ అప్పారావుగారి ఉదాహరణ మరీ చక్కనిది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిన కన్యాశుల్కం మెప్పు పొందింది, 1897లో అచ్చయింది. మెప్పు వచ్చిన నాటకాన్ని అంతటితో వదలిపెట్టవచ్చు. ఆయన వదలలేదు. 1909లో వెలువడిన రెండవ కూర్పును దాదాపు కొత్త నాటకమే అనవలె. ఈనాడు లోకం చదువుతున్నది ఆ రెండవదానినే. ప్రేక్షకులు చప్పట్లు కొట్టిన తరువాత కూడా తన రచనలో లోపం చూడగలగడం సామాన్యమైన గుణం కాదు; అయితే తన లోపాన్ని ఎదుటివాడు చూపినప్పుడు కనీసం ఒక రాత్రి ఆలోచించడం అంతటి అసామాన్యమైన పనీ కాదు.

అలగడం కొత్త కాదు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఒక అలక ఉన్నది. తొలి ప్రదర్శనలో తమ ఓటమిని చూచుకొన్న దైత్యులు విరూపాక్షుని ముందిడుకొని వచ్చి, నటుల మాటనూ కదలికనూ జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారట. (పోర్షను మరచిపోయిన నటునికి ఇంతకంటె పురాతనమైన సాకు దొరకదు!) ఇంద్రుడు జర్జరం పట్టి చావగొట్టాడు. అయినా విఘ్నాలు ఆగలేదు. నాట్యగృహం కట్టి దేవతలను కాపలా పెట్టారు. చివరకు బ్రహ్మ వారిని పిలిచి, నాట్యం ఒక్క పక్షాన్ని పొగడి మరొకదాన్ని తెగడడానికి పుట్టలేదనీ, మూడు లోకాల భావాలనూ చూపేదనీ నచ్చజెప్పవలసి వచ్చింది. నాటకంలో తమ్ము చూచుకొన్నవారు ఆనాడు అలిగారు. సమీక్షలో తమ నాటకాన్ని చూచుకొన్నవారు ఈనాడు అలుగుతున్నారు. జర్జరం ఆనాడు చేయలేని పని సమీక్షకుని కలం ఈనాడు చేయగలదని ఆశించరాదు.

అదే గ్రంథంలో ఇరువదియేడవ అధ్యాయం సమీక్షకులు తప్పక చదువదగినది. ప్రదర్శన ఫలించిందా లేదా అని తేల్చే ప్రాశ్నికులు ఎవరో అక్కడ చెప్పి ఉన్నది. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజు, రాజసేవకుడు – ఎవరికి తెలిసిన భాగాన్ని వారు తూచవలె. అన్ని గుణాలూ ఒక్క ప్రేక్షకునిలో ఉండవని కూడా భరతుడు ఒప్పుకొన్నాడు. ఈ ఒప్పుకోలు ఈనాటి సమీక్షలలో అరుదు. పద్యం పాడడంలోని రాగజ్ఞానం తనకు తెలియదని ఒక్క మాట ముందు రాసి, సన్నివేశ నిర్మాణం గురించి తీర్పు చెప్పినవాని మీద కోపం వచ్చినా నిలువదు. రాగం, దీపాలు, భాష, దర్శకత్వం అన్నీ తనకే తెలిసినట్లు రాసినవాడు, ఒక్కచోట తప్పటడుగు వేస్తే మిగిలిన తొమ్మిదింటి మీదా నమ్మకం పోగొట్టుకొంటాడు. అక్కడే భరతుడు ఘాతాలను కూడా విడదీశాడు: నటుని వల్ల కలిగేవి వేరు, శత్రువులు అరచి, చప్పట్లు చరచి, పేడా మట్టిబెడ్డలూ విసరి కలిగించేవి వేరు, ప్రకృతి వల్ల కలిగేవి వేరు. మైకు మొరాయించడం, కరెంటు పోవడం, వాన కురవడం వంటివాటిని నటుని ఖాతాలో రాసే సమీక్షకుడు భరతుని కంటె వెనుకబడినవాడు. పేడ విసరే ఆచారం ఇప్పుడు రూపు మారిందనుకోవలె.

తుపానులో సగం సమీక్షకుడు చేజేతులా తెచ్చుకొన్నదే. "నాయిక మాటలు మూడవ వరుస దాటి వినిపించలేదు" అన్నది పరీక్షించదగిన మాట. నాలుగవ వరుసలో కూర్చున్నవారిని అడిగితే నిజం తేలుతుంది. "నాయికకు గొంతు లేదు" అన్నది వెక్కిరింత. "నాయిక ఈ వయసులో ఈ వేషం వేయడమేమిటి" అన్నది అంతకంటె నీచం. మూడు వాక్యాలకూ మూలమైన లోపం ఒక్కటే. మొదటిదానికి కోపం వచ్చినా అది మాట మీద వచ్చిన కోపం. మిగిలినవాటికి వచ్చేది మర్యాద పోయిందన్న కోపం. ఆ కోపం న్యాయమైనది. చమత్కారం తోచినప్పుడు సమీక్షకుడు దానిని దర్శకుని మీద, నాటకకర్త మీద ప్రయోగించవచ్చు. వారు పెద్దవారు, తట్టుకొంటారు. ఎనిమిదవ తరగతి చదివే కుర్రవాని మీద ప్రయోగించరాదు. ఆ కుర్రవాడు సరిగా నిలబడలేదంటే అతనికి నిలబడడం నేర్పనివాని పేరే రాయవలె.

పరిషత్తుల ప్రభావం కూడా ఇందులో ఉన్నది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. పోటీ నాటకాలు తెలుగు సమాజాలకు ఎంతో మేలు చేశాయి. ఊరూరా నాటికలు పుట్టాయి, సమయపాలన అలవడింది. కాని పోటీకి ఒక అవలక్షణం ఉన్నది. ముందు వరుసలో కాగితాలు పట్టుకొని కూర్చొనే న్యాయనిర్ణేతలకు అలవాటుపడిన సమాజం ప్రతి అభిప్రాయాన్నీ మార్కులుగానే వింటుంది. బహుమతి రాకపోతే అన్యాయం, వస్తే న్యాయం. బహుమతులు ప్రకటించిన రాత్రి న్యాయనిర్ణేతల చుట్టూ జరిగే వాదోపవాదాలు పరిషత్తులకు వెళ్ళేవారికి తెలియనివి కావు. సమీక్ష అట్టిది కాదు. అందులో మొదటి స్థానం, రెండవ స్థానం లేవు. ఒక సాయంత్రం రంగం మీద ఏమి జరిగిందో, చూచినవానికి ఏమి అందిందో, ఏమి అందలేదో చెప్పే వృత్తాంతం అది.

ఇక తుపాను లేచిన తరువాత ఏమి చేయవలె? మొదటి రోజు ఏమీ చేయనక్కరలేదు. ఆ రాత్రి రాసిన సమాధానం ఎంత తర్కబద్ధంగా ఉన్నా అందులో వేడి ఉంటుంది. వేడి ఉన్నదని ఎదుటివారికి తెలిస్తే తర్కం ఎవరూ చూడరు. మరునాడు ఉత్తరాలను చదివి, వాటిలో సమాచారానికి సంబంధించినవి విడిగా తీయవలె. పాత్రధారి పేరు తప్పుగా పడిందా? చివరి రంగానికి ముందే సమీక్షకుడు లేచి వెళ్ళాడా? దర్శకునిదికాని దోషాన్ని దర్శకునికి అంటగట్టాడా? అట్టివాటిని అదే పత్రికలో, అదే చోట, సాకులు లేకుండా సరిదిద్దవలె. మూలన చిన్న అక్షరాలతో వేసిన సవరణ సవరణ కాదు. రెండవ అంకం సాగదీసినట్లున్నదన్న అభిప్రాయం మాత్రం అట్లాగే ఉండవలె. నలభైమంది సంతకాలు చేసి పంపినా ఆ అంకం ఒక్క నిమిషం కూడా పొట్టిది కాదు.

సమాజంవారి ఉత్తరాన్ని, సభ్యమైన భాషలో ఉన్నట్లయితే, పత్రిక పూర్తిగా అచ్చువేయవలె; దాని కింద సమీక్షకుని ఎదురు సమాధానం వేయడం మాత్రం అనవసరం. ఒకసారి చెప్పినవానికి రెండవసారి చెప్పే హక్కు ఉన్నదనుకొంటే, మూడవసారి చెప్పే హక్కు సమాజానికి కూడా వస్తుంది. ఉద్దేశాలు అంటగట్టేవారితో వాదం వ్యర్థం. పొరుగు సమాజంతో సమీక్షకునికి నిజంగా సంబంధం ఉంటే అది సమీక్షలోనే ముందుగా చెప్పి ఉండవలసింది. లేకపోతే లేదని ఒక్కసారి చెప్పి ఊరుకోవలె. పేరు లేని తిట్లకు జవాబు లేదు. ఇక బెదిరింపులు సాహిత్య చర్చ కిందికి రావు. వాటికి సంపాదకుడూ, అవసరమైతే పోలీసు స్టేషనూ ఉన్నవి.

ఎదిరించి వాదించదలచిన సమాజానికి కూడా మంచి మార్గం ఉన్నది. వేదం వేంకటరాయ శాస్త్రులవారు ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగానికి చాకలి మాటే పెట్టారు. పాత్రకు తగిన భాష వాడే ఆ పద్ధతిని పలువురు ఆక్షేపించారు. గ్రామ్యభాషా ప్రయోగానికి శాస్త్రం ఒప్పుకొంటుందని శాస్త్రులవారు ఒక నిబంధమే రచించారు. ఆక్షేపించినవారి ముఖాన రంగు ఉన్నదా లేదా అని విచారించలేదు. అప్పటి ఆక్షేపణ చేసిన మేలు ఆ నిబంధం; ఆక్షేపణే లేకపోతే ఆ వాదం కాగితం మీదికి వచ్చి ఉండేదో లేదో.

అలకలకు జంకి పత్రికలు పట్టిన మార్గం మాత్రం అందరికీ చేటు తెచ్చింది. ఔత్సాహిక నాటకాల గురించి సమీక్షల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి వార్తలు. జ్యోతి వెలిగించినవారి పేర్లు, శాలువ కప్పించుకొన్నవారి పేర్లు, చివర ఒక వాక్యం: నటీనటులు తమ పాత్రలకు జీవం పోశారు. ఏ నాటకానికైనా అతికే వాక్యం ఏ నాటకాన్ని గురించీ చెప్పినట్లు కాదు. నిజంగా జీవం పోసిన నటుడు ఒకడు ఆ రంగం మీద ఉన్నట్లయితే అన్యాయమైపోయినవాడు అతడే. ప్రాంప్టరు మీద ఆధారపడినవానికీ తనకూ పత్రికలో ఒకటే వాక్యం వచ్చింది గదా!

ఈ అలవాటు మొదలయ్యేది పాఠశాల వార్షికోత్సవంలోనే. నాటకం ముగియగానే పెద్దలు వేదిక ఎక్కి, పిల్లలు అద్భుతంగా నటించారని అంటారు. మాటలు మరచిపోయి తెరవైపు చూచిన పిల్లవానికి అది నిజం కాదని తెలుసు. పెద్దల మెప్పు సత్కారంలోని పూలదండ వంటిదనీ, దానికి అర్థం వెదకనక్కరలేదనీ ఆనాడే అతడు నేర్చుకొంటాడు. అట్లా నేర్చుకొన్నవాడు ముప్పయ్యేళ్ళ తరువాత ఒక సమాజానికి కార్యదర్శి అయి, మొదటిసారి అర్థమున్న వాక్యం ఒకటి తన నాటకం గురించి చదివితే, కోపం రాక ఏమి వస్తుంది? వార్షికోత్సవం మరునాడు ఒక్క పీరియడు ఆ నాటకానికి ఇచ్చి, వెనుక బెంచీవారికి ఏ మాట వినిపించలేదో, ఏ చోట అందరూ నిశ్శబ్దమయ్యారో, ఎందుకు అయ్యారో పిల్లల చేతనే చెప్పించే మాస్టారు కొందరు ఉన్నారు. నటించిన పిల్లలు మొదట ముఖం ముడుచుకొంటారు. గంట కొట్టేలోపల తామే లోపాలు చెప్పడం మొదలుపెడతారు. ఆ పీరియడుకు పాఠ్యప్రణాళికలో చోటు లేదు. ఉండి ఉంటే ఔత్సాహిక సమాజాలకూ సమీక్షకులకూ చాలా శ్రమ తప్పేది.

సమీక్షకునికి మిగిలిన పని ఒకటి ఉన్నది: అలిగిన సమాజంవారి తరువాతి నాటకానికి వెళ్ళడం. వెళ్ళకపోతే, ఇతనికి మా మీద కక్ష అన్న మాట నిజమని తానే ఒప్పుకొన్నట్లవుతుంది. వెళ్ళి, రాజీ కోసం లేని గుణాలు పొగిడితే మొదటి సమీక్ష కూడా అబద్ధమవుతుంది. ఆహ్వానపత్రం రాకపోవచ్చు, చాలా సమాజాలు అలిగిన తరువాత చేసే మొదటి పని అదే. అయినా ఔత్సాహిక నాటకాలకు సాధారణంగా ప్రవేశం ఉచితం. చిట్టచివరి వరుసలో కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. నటుల మాట వినిపించిందో లేదో తేల్చడానికి అంతకంటె మంచి చోటు హాలులో మరొకటి లేదు.